ఒకే జన్యువులు, ఒకే కడుపు.. అయినా ఒకేలా ఎందుకుండరు?

2001 డిసెంబరు 22న టెక్సస్‌లోని ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఒక పిల్లికూన పుట్టింది. క్లోనింగ్ పద్ధతిలో పుట్టిన తొలి పెంపుడు పిల్లి అది. సీసీ అని పేరు పెట్టారు. రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి ఒంట్లోంచి తీసిన ఒక్క కణం నుంచి దాన్ని తయారుచేశారు కాబట్టి కణకేంద్రంలోని డీఎన్‌ఏ రెండింటికీ ఒకటే. తీరా చూస్తే పోలికే లేదు. రెయిన్‌బో ఒంటి మీద నారింజ, నలుపు, తెలుపు మచ్చలు. సీసీకి నారింజ రంగన్నదే లేదు. తెలుపు మీద బూడిద చారలు, అంతే.

కారణం చిత్రంగా ఉంటుంది. పిల్లుల్లో నారింజ రంగును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడపిల్లులకు ఎక్స్‌లు రెండు. పిండం ఇంకా చిన్న ముద్దగా ఉన్నప్పుడే ప్రతి కణం ఆ రెండింటిలో ఒకదాన్ని మూసేస్తుంది. ఏది మూయాలన్నది చీటీ వేసి తీసినట్టే, ఎవరూ ముందుగా చెప్పలేరు. ఒకసారి మూశాక ఆ కణం సంతానమంతా అదే పాటిస్తుంది. అందుకే మూడు రంగుల పిల్లి ఒంటి మీద అక్కడో మచ్చ, ఇక్కడో మచ్చ. ఎలుకల్లో ఈ సంగతిని మేరీ లయన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1961లోనే వివరించారు. సీసీ కోసం తీసిన కణంలో నారింజ ఎక్స్ మూతపడి ఉంది. క్లోనింగ్‌లోనూ ఆ మూత తెరుచుకోలేదు.

సీసీ విషయంలో చీటీ ఒక్కసారే వేశారు. కానీ మన ఒంట్లోని ప్రతి కణంలో, జన్యువుల దగ్గర, ఇలాంటి చీటీలు గంటగంటకూ పడుతూనే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న మాలాంటి వాళ్లం డీఎన్‌ఏను జీవి సోర్స్ కోడ్ అని తేలిగ్గా అనేస్తుంటాం. ఒకే కోడ్, ఒకే ఇన్‌పుట్ అయితే ఒకే ఫలితం రావాలన్నది మా వృత్తి నమ్మకం. కణం దగ్గర ఆ పోలిక తెగిపోతుంది. అక్కడ కోడ్ ఒకటే అయినా ప్రతిసారీ ఫలితం కాస్త వేరుగా వస్తుంది. ఆ వేరును కణం ఎంతవరకు అదుపు చేస్తుంది, ఎక్కడ కావాలనే వదిలేస్తుంది అన్నది పాతికేళ్లుగా జీవశాస్త్రంలో పెద్ద పరిశోధనాంశం. మన ఇళ్లలో బిడ్డకు ఏదైనా లోపం బయటపడగానే ‘ఎవరి వైపు నుంచి వచ్చింది?’ అని మొదలయ్యే పంచాయితీకీ దీనికీ దగ్గరి సంబంధం ఉంది.

పాయసంలో జీడిపప్పు

జన్యువు అంటే ఒక ప్రొటీన్‌ను ఎలా తయారుచేయాలో రాసి ఉన్న అసలు ప్రతి. కణం ముందుగా దానికి నకలు రాసుకుంటుంది. ఆ నకలు పేరు ఎంఆర్‌ఎన్‌ఏ. కొవిడ్ టీకాల పుణ్యమా అని ఈ మాట ఇప్పుడు అందరికీ తెలుసు. నకలును చదివి రైబోజోములు ప్రొటీన్ తయారుచేస్తాయి. కాసేపటికి నకలు చెరిగిపోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ రాసుకోవాలి.

ఇక్కడ జరిగే ప్రతి పనీ అణువులు ఒకదాన్నొకటి గాలివాటంగా గుద్దుకోవడం వల్లనే జరుగుతుంది. కోట్లలో అణువులుంటే ఆ గాలివాటం సగటులో కలిసిపోతుంది. కానీ జన్యువులు ఒకటో రెండో ప్రతులే ఉంటాయి. నకళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. హార్వర్డ్‌లో సన్నీ షీ బృందం 2010లో ఇ. కోలై బ్యాక్టీరియాలోని వెయ్యికి పైగా జన్యువులను తీసుకుని, ఒక్కో కణంలో ఎన్ని అణువులున్నాయో లెక్కపెట్టింది. చాలా జన్యువుల విషయంలో కణానికి సగటున ఒక్క నకలు కూడా తేలలేదు! అంటే ఏ క్షణంలో చూసినా ఎక్కువ కణాల్లో ఆ నకలు అసలు లేనట్టే. ప్రొటీన్లు మాత్రం కొన్ని జన్యువులకు కణానికి ఒకటి లోపు, కొన్నింటికి పది వేల దాకా ఉన్నాయి.

ఇంట్లో పూజకు గిన్నెడు పాయసం చేసి కప్పుల్లో పోస్తే తీపి అన్ని కప్పుల్లో సమానంగానే ఉంటుంది. ఎందుకంటే చక్కెర అణువులు లెక్కకు మించి ఉంటాయి. జీడిపప్పు అలా కాదు. ఒకరి కప్పులో అయిదు, పక్కవారి కప్పులో ఒక్కటీ ఉండదు. వడ్డించేవారి పక్షపాతం కాదది, తక్కువ సంఖ్యల లక్షణం. లెక్కల్లో చెప్పాలంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పుట్టి పోయే అణువులు సగటున పది వేలుంటే వాటిలో హెచ్చుతగ్గులు సుమారు వంద, అంటే 1 శాతం. వందే ఉంటే హెచ్చుతగ్గులు పది, అంటే 10 శాతం. నాలుగే ఉంటే రెండు, అంటే సగానికి సగం. కణం రెండుగా చీలినప్పుడు కూడా ఈ జీడిపప్పు పంపకమే జరుగుతుంది.

పైగా నకళ్లు తీరుగా ఒకటి తర్వాత ఒకటి రావు. మన ఊళ్లో బస్సులాగా గంటసేపు ఒక్కటీ రాదు, వస్తే వరుసగా మూడొస్తాయి. ఇడో గోల్డింగ్, ఎడ్వర్డ్ కాక్స్ తదితరులు 2005లో బతికున్న బ్యాక్టీరియాలో నకళ్లు పుట్టడాన్ని కళ్లారా చూశారు. జన్యువు కొంతసేపు నిద్రపోతుంది, మేల్కొన్నప్పుడు గబగబా కొన్ని నకళ్లు రాసి మళ్లీ నిద్రపోతుంది. మన కణాల్లోనూ ఇదే పద్ధతి.

ఒక సిలిండర్, రెండు బర్నర్లు

ఈ హెచ్చుతగ్గులు నిజంగా గాలివాటమేనా, లేక కణాల సైజు, వయసు, తిండి వేరు కావడం వల్ల వచ్చే తేడాలా? దీన్ని తేల్చిన ప్రయోగం 2002లో వచ్చింది. అప్పట్లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఉన్న మైకేల్ ఎలోవిట్జ్, ఆయన సహచరులు చేశారు. నా దృష్టిలో జీవశాస్త్రంలోని అందమైన ప్రయోగాల్లో ఇదొకటి. ఎందుకంటే దాన్ని వంటింటి భాషలో చెప్పొచ్చు.

ఒకే సిలిండర్ మీద రెండు బర్నర్లు ఉన్నాయనుకోండి. గ్యాస్ తగ్గితే రెండు మంటలూ కలిసే తగ్గుతాయి. అలాకాకుండా ఒక మంట పెరిగి ఇంకొకటి తగ్గిందంటే తేడా సిలిండర్‌లో లేదు, బర్నర్ దగ్గరే ఉంది. ఎలోవిట్జ్ బృందం ఒకే బ్యాక్టీరియాలో రెండు వెలుగు ప్రొటీన్ల జన్యువులు పెట్టింది. రెండింటినీ నడిపే స్విచ్ ఒకటే, కానీ వెలుగు రంగులు వేరు. ఒకదానికి ఎరుపు, ఇంకొకదానికి ఆకుపచ్చ రంగు వేసి చిత్రం గీశారు. కణం పరిస్థితి మాత్రమే కారణమైతే రెండూ సమానంగా కలిసి ప్రతి కణమూ పసుపుగా కనపడాలి. కానీ చిత్రంలో ఎర్ర కణాలున్నాయి, పచ్చ కణాలున్నాయి, మధ్యరకాలూ ఉన్నాయి. అంటే ఒకే కణంలో, ఒకే నిమిషంలో, ఒకేలాంటి రెండు జన్యువులు వేర్వేరుగా నడుస్తున్నాయి. బర్నర్ దగ్గరి తేడా, సిలిండర్ దగ్గరి తేడా రెండూ ఉన్నాయని, రెండింటినీ విడిగా కొలవొచ్చని అప్పుడు తేలింది.

డబ్బు పంపే లెక్క

మరి ఇంత గాలివాటంలో కణం బతికి బట్టకట్టేదెలా? సీ. ఎలిగాన్స్ అనే ఒక మిల్లీమీటరు పురుగును చూడండి. పెద్దదయ్యేసరికి దాని ఒంట్లో బీజకణాలు కాక సరిగ్గా 959 కణాలుంటాయి. ఏ ద్విలింగ పురుగును తీసుకున్నా అంతే. అందులో పేగుకు 20. ఊగిసలాడే పనిముట్లతో ఇంత కచ్చితమైన పని జరుగుతోందంటే అదుపు చేసే ఏర్పాట్లు గట్టివే ఉండాలి.

మొదటి ఏర్పాటు మనకు బాగా తెలిసిన లెక్కే. ఊళ్లో అమ్మానాన్నలకు ఏడాదికి 12 వేల డాలర్లు పంపాలి. సంక్రాంతికి ఒకేసారి పంపొచ్చు, నెలకు వెయ్యి చొప్పున పంపొచ్చు. మొత్తం ఒకటే. కానీ ఒకేసారి పంపితే ఆ ఇంట్లో కొన్ని నెలలు దండిగా, కొన్ని నెలలు కటకటగా ఉంటుంది. నెలనెలా పంపితే ఇల్లు నిలకడగా నడుస్తుంది. కాకపోతే పంపిన ప్రతిసారీ ఫీజు కట్టాలి. కణం కూడా ఒక ప్రొటీన్‌ను రెండు దారుల్లో తయారుచేయగలదు. తక్కువ నకళ్లు రాసి ఒక్కోదాన్నుంచి చాలా ప్రొటీన్లు తీయొచ్చు. లేదా ఎక్కువ నకళ్లు రాసి ఒక్కోదాన్నుంచి కొద్దిగానే తీయొచ్చు. మొదటిది చౌక, ఊగిసలాట ఎక్కువ. రెండోది ఖర్చు, నిలకడ ఎక్కువ. ఎంఐటీలో అలెగ్జాండర్ వాన్ ఔడెనార్డెన్ బృందం 2002లో ఒక బ్యాక్టీరియా మీద ఈ మాటను నిరూపించింది. ఆ బృందంలో పనిచేసిన ముకుంద్ థట్టై తర్వాత బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌లో చేరారు.

రెండేళ్ల తర్వాత హంటర్ ఫ్రేజర్ తదితరులు ఈస్ట్ జన్యువుల్ని ఈ కోణంలో పరిశీలించారు. ఏ జన్యువు లేకపోతే కణం చచ్చిపోతుందో, ఏ ప్రొటీన్ ఇతర ప్రొటీన్లతో సరైన పాళ్లలో కలిసి యంత్రంగా పనిచేయాలో, అలాంటి వాటికి కణం ఖరీదైన రెండో దారినే వాడుతోందని వాళ్లకు కనిపించింది. మిగతావాటికి చౌక దారే. అంటే కణం నిలకడను అన్నిచోట్లా కొనడం లేదు, ప్రాణం మీదికి వచ్చే చోటే కొంటోంది.

రెండో ఏర్పాటు తన పనిని తానే అడ్డుకునే పద్ధతి. ప్రొటీన్ ఎక్కువైతే అదే వెళ్లి తన జన్యువును అణిచేస్తుంది, తగ్గితే వదిలేస్తుంది. ఇంట్లో థర్మోస్టాట్ పనిచేసేది ఇలాగే. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బెచ్‌స్కై, సెర్రానో అనే ఇద్దరు 2000లో ఇలాంటి జన్యువును తయారుచేసి, ఆ అడ్డు తీసేస్తే కణాల మధ్య తేడాలు ఎంత పెరుగుతాయో చూపించారు. ఇ. కోలైలో ఇతర జన్యువులను నడిపే ప్రొటీన్లలో సుమారు 40 శాతం తమను తాము ఇలా అణచుకునేవే.

కానీ ఇందులో ఒక చిక్కుంది. కొత్త హోటల్ గదిలో షవర్ తిప్పిన అనుభవం అందరికీ ఉంటుంది. చల్లగా ఉందని వేడి తిప్పుతాం, నీళ్లు రావడానికి ఆలస్యం అవుతుంది, ఇంకా తిప్పుతాం, కాసేపటికి ఒళ్లు కాలుతుంది. సమాచారం ఆలస్యంగా వస్తే దిద్దుబాటే కొత్త ఊగిసలాట తెస్తుంది. జన్యువు నుంచి ప్రొటీన్ రావడానికి ఎప్పుడూ ఆలస్యం ఉంటుంది. పైగా సమాచారం మోసే అణువులే కొద్దిగా ఉంటే ఆ కబురూ నమ్మకంగా ఉండదు.

ఈ పరిమితి ఎంత కఠినమో 2010లో కేంబ్రిడ్జ్‌కు చెందిన లెస్టాస్, వినికోంబ్ అనే ఇద్దరు కంట్రోల్ ఇంజినీర్లు హార్వర్డ్‌లోని యోహాన్ పాల్సన్‌తో కలిసి లెక్కగట్టారు. కణం ఎంత తెలివైన ఏర్పాటు చేసుకున్నా సరే, హెచ్చుతగ్గులను సగానికి తగ్గించాలంటే సమాచార అణువుల్ని 16 రెట్లు ఎక్కువ తయారుచేయాలి. పదో వంతుకు తగ్గించాలంటే పది వేల రెట్లు! మా వృత్తిలోనూ ఈ బాధ తెలిసిందే. సర్వర్‌ను 99 శాతం సమయం నడపడం పెద్ద పని కాదు. 99.9 అన్నప్పుడు బడ్జెట్ మీటింగ్ పెడతారు, 99.99 అన్నప్పుడు ‘నిజంగా అవసరమా?’ అని అడుగుతారు. కణం కూడా అదే ప్రశ్న వేసుకుంటున్నట్టుంది.

ఓవర్‌హెడ్ ట్యాంక్

మన కణాలకు బ్యాక్టీరియాకు లేని ఒక సౌకర్యం ఉంది. డీఎన్‌ఏ ఉండే కేంద్రం వేరు గది. మన ఊళ్లలో మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజు వచ్చినా వంటింటి కుళాయి ధారగానే వస్తుంది. మిద్దె మీద ట్యాంక్ ఉంది కాబట్టి. 2015లో స్విట్జర్లండ్‌లోని జ్యూరిక్‌లో ఒక బృందం, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో మరొక బృందం కేంద్రం ఇలాంటి ట్యాంకులా పనిచేస్తుందని చూపించాయి. జన్యువు మేల్కొన్నప్పుడు గుంపుగా పుట్టిన నకళ్లు ఒక్కసారిగా బయటికి రావు. కొంతకాలం లోపలే ఉండి నెమ్మదిగా బయటికి వస్తాయి. ఎక్కువకాలం బతికే ప్రొటీన్లదీ ఇదే సూత్రం. పాతవి నిల్వ ఉంటాయి కాబట్టి కొత్తవి రావడంలో ఒడుదొడుకులు పెద్దగా తెలియవు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే చిన్న అణువులు కూడా ఒక చేయి వేస్తాయి. తక్కువగా తయారయ్యే ప్రొటీన్లలో అవి ఊగిసలాటను తగ్గిస్తాయి. ఎక్కువగా తయారయ్యేవాటిలో మాత్రం పెంచుతాయి కూడా.

ఒంటరిగా తేల్చుకోలేనిది పక్కవారిని అడగడం మరో దారి. ఈగ పిండం అర మిల్లీమీటరు ఉంటుంది. అందులో తల ఎటు, తోక ఎటు అన్నది బైకాయిడ్ అనే ప్రొటీన్ చెబుతుంది. తలవైపు ఎక్కువ, వెనక్కి పోయేకొద్దీ తక్కువ. న్యూజెర్సీ ప్రిన్స్‌టన్‌లో థామస్ గ్రెగర్, విలియం బియాలెక్ తదితరులు 2007లో దీన్ని కొలిచారు. పక్కపక్క కేంద్రకాల మధ్య ఉన్న 10 శాతం తేడాను కూడా అవి పసిగట్టగలుగుతున్నాయి. అణువులు గాలివాటంగా వచ్చి తగిలే లెక్క ప్రకారం ఒక్క కేంద్రకానికి అంత తక్కువ సమయంలో ఇది సాధ్యం కాకూడదు. ఇరుగుపొరుగు కేంద్రకాలు తమ అంచనాలను కలిపి సగటు తీసుకుంటున్నాయన్నది ఆ పరిశోధకుల వివరణ.

అదుపు చేయకుండా వదిలేసిన చోట

ఇంత ఖర్చు పెట్టి ఊగిసలాటను తగ్గించే జీవమే కొన్నిచోట్ల దాన్ని అలాగే ఉంచుకుంటుంది. 1944లో ఐర్లండ్‌కు చెందిన జోసెఫ్ బిగర్ స్టఫిలోకాకస్ బ్యాక్టీరియాను పెన్సిలిన్‌లో ముంచితే దాదాపు అన్నీ చచ్చాయి, పది లక్షల్లో ఒకటి వంతున మిగిలాయి. మిగిలినవి మందుకు లొంగని కొత్త జాతి కాదు. వాటి సంతానాన్ని మళ్లీ పెన్సిలిన్‌లో వేస్తే మామూలుగానే చచ్చాయి. మరి ఎలా మిగిలాయి? 2004లో నటాలీ బలబాన్ బృందం ఒక్కో కణాన్ని సూక్ష్మదర్శిని కింద వరుసగా గమనించి జవాబు చెప్పింది. మందు వేయకముందే కొన్ని కణాలు గాలివాటంగా కునుకు స్థితిలోకి వెళ్లి ఉన్నాయి. పెరిగే కణాలను చంపే మందు పెరగని కణాన్ని ఏమీ చేయలేదు. మందు పోయాక అవి లేచి మళ్లీ పెరుగుతాయి.

అనంతపురం రైతు వేరుశనగ సాళ్ల మధ్య కంది ఎందుకు వేస్తాడో తెలిసినవారికి ఇది కొత్త కాదు. వాన సకాలంలో పడితే వేరుశనగ, ఆలస్యమైతే కంది. బ్యాక్టీరియాకు రాబోయేది తెలియదు కాబట్టి కొందరిని నిద్రపుచ్చి ఉంచుతుంది. ఎవరిని అన్నది చీటీయే తేలుస్తుంది. క్షయకు మామూలు చికిత్సే ఆరు నెలలు సాగడానికి ఇలా కునుకు తీసే కణాలు ఒక ముఖ్య కారణం. రెండు నెలలకే దగ్గు తగ్గిపోతుంది, ఆకలి పుడుతుంది, ఊళ్లో ఉన్న పెద్దవాళ్లు ‘ఇంకెందుకీ మందులు’ అంటారు. ఫోన్లో వాళ్లకు ఈ కునుకు కణాల సంగతి చెప్పి చూడండి.

క్యాన్సర్‌లోనూ ఇలాంటిదే కనిపించింది. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అర్జున్ రాజ్ బృందం 2017లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలను పరిశీలించింది. అన్నీ ఒకే కణం సంతానం. అయినా వేలల్లో ఏ ఒకటో రెండో కణాల్లో కొన్ని జన్యువులు తాత్కాలికంగా విపరీతంగా పనిచేస్తున్నాయి. మందు వేసిన క్షణంలో ఏ కణాలు ఆ స్థితిలో ఉన్నాయో అవే బతికి, ఆ తర్వాత మందుకు పూర్తిగా లొంగని కణాలుగా స్థిరపడుతున్నాయి. డీఎన్‌ఏ పరీక్షకు ఇవి దొరకవు. డీఎన్‌ఏలో అసలు తేడాయే లేదు మరి.

రిపోర్టులో లేనిది

ఇక మన ఇళ్ల సంగతి. అర్జున్ రాజ్, వాన్ ఔడెనార్డెన్ తదితరులు 2010లో ఇందాకటి పురుగు మీదే ఇంకో ప్రయోగం ప్రచురించారు. పేగు తయారీకి మొదట్లో అవసరమయ్యే ఒక జన్యువును చెడగొడితే, కొన్ని పురుగు పిండాలకు పేగు వచ్చింది, కొన్నింటికి రాలేదు. అన్నింటి జన్యువులూ ఒకటే, పెరిగిన చోటూ ఒకటే. లోపలి నకళ్లను లెక్కపెడితే విషయం బయటపడింది. ఆరోగ్యంగా ఉన్న పురుగులో కొన్ని జన్యువులు ఒకదానికొకటి ఆసరాగా ఉండి సంఖ్యను నిలకడగా ఉంచుతున్నాయి. ఒక ఆసరా పోగానే మధ్యలో ఉన్న ఒక జన్యువు నకళ్లు విపరీతంగా ఊగిసలాడాయి. ఒక గీత దాటితే పేగు వస్తుంది, దాటకపోతే రాదు. ఇక్కడ జన్యులోపం నేరుగా పేగును తీసేయలేదు. ఊగిసలాటను పట్టి ఉంచే పట్టును తీసేసింది. మిగతాది చీటీ తేల్చింది.

మన జన్యు పరీక్ష రిపోర్టులు చదివేటప్పుడు నాకు ఈ పురుగే గుర్తొస్తుంది. 2009లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న ఒక పరిశోధన, గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు దక్షిణాసియా వాసుల్లో సుమారు 4 శాతం మందిలో ఉందని తేల్చింది. మన సంఘం ఉగాది వేడుకకు అయిదు వందల మంది వస్తే లెక్క ప్రకారం అందులో ఇరవై మంది! దానికీ గుండె కండరం దెబ్బతినడానికీ సంబంధం ఉందని ఆ పరిశోధన చెప్పింది. కానీ ఆ మార్పు ఉన్నవారిలో చాలామంది ముసలితనం దాకా ఏ ఇబ్బందీ లేకుండా ఉంటారు. అదే జన్యువులో మరో మార్పు కూడా తోడైన చిన్న గుంపులోనే ముప్పు ఎక్కువన్న పరిశోధనలు తర్వాత వచ్చాయి. ఆహారం, రక్తపోటు, ఇతర జన్యువులు అన్నీ ఇందులో కలుస్తాయి. వీటన్నింటితోపాటు ఊగిసలాట పాత్ర కూడా ఉండొచ్చు. జర్మనీలోని హనోవర్‌లో ఒక బృందం 2018లో మరో గుండె జన్యువు ఎంవైహెచ్7 మీద దీన్ని చూపించింది. తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి దేనికవే నిద్రపోతూ లేస్తూ ఉండడం వల్ల కొన్ని గుండె కణాల్లో లోపమున్న నకళ్లు ఎక్కువ, పక్క కణంలో మంచివి ఎక్కువ. ఒక కాడికి రెండు తీరుల ఎద్దుల్ని కట్టినట్టు పక్కపక్క కణాలు వేర్వేరు బలంతో లాగుతాయి.

అందుకే రిపోర్టులో ‘పాజిటివ్’ అన్న మాట చూడగానే పిల్ల పెళ్లి ఎలా అని బెంగపడేకన్నా, జెనెటిక్ కౌన్సెలర్‌ను ఒక ప్రశ్న అడగడం మంచిది. ఈ మార్పు ఉన్న వందమందిలో ఎందరికి జబ్బు వస్తుంది, ఏ వయసుకు వస్తుంది? దీన్ని వైద్యభాషలో పెనెట్రెన్స్ అంటారు. ఆ అంకె వందకు చేరే జబ్బులు కొద్ది. గుండెకు సంబంధించినదైతే ఎన్నేళ్లకోసారి ఎకో పరీక్ష చేయించుకోవాలన్నది రెండో ప్రశ్న. ఇంట్లో ఇంకెవరికి పరీక్ష అవసరమన్నది మూడోది.

గ్రహణం మొర్రి

2024 ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం డాలస్ మీదుగా వెళ్లింది. అంతకు వారం ముందు నుంచే ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో గర్భిణులకు జాగ్రత్తలు తిరిగాయి. కదలొద్దు, కత్తి పట్టొద్దు, కిటికీ పరదాలు వేసుకోవాలి. పెదవి చీలికతో బిడ్డ పుడితే మనం దాన్ని గ్రహణం మొర్రి అనే అంటాం. జబ్బు పేరులోనే తల్లి మీద నేరం మోపిన భాష మనది. ‘ఆ రోజు బయటికి వెళ్లావా?’ అన్న అత్తగారి ప్రశ్న ఆ పేరులోంచే పుట్టింది.

పై పెదవి గర్భం 4వ వారం నుంచి 7వ వారం లోపు రూపుదిద్దుకుంటుంది. ముఖానికి రెండు వైపుల నుంచి పెరిగే కణజాలం మధ్యలో కలిసి అతుక్కోవాలి. గడువు తక్కువ. అయిదో నెలలో వచ్చిన గ్రహణానికి అప్పటికే అతుక్కున్న పెదవితో పనేమీ లేదు. జన్యువుల పాత్ర ఉంది. గర్భిణి పొగతాగడం, ముందు నుంచీ మధుమేహం ఉండడం, మూర్ఛకు వాడే టోపిరమేట్, వాల్‌ప్రోయిక్ యాసిడ్ లాంటి మందులు ముప్పును పెంచుతాయని తెలుసు. ఆ మందులు వాడేవారు గర్భం అనుకున్నప్పుడే డాక్టరుతో మాట్లాడాలి, సొంతంగా మానేయడం మరింత ప్రమాదం.

ఇవన్నీ చెప్పుకున్నాక కూడా ఒక సంగతి మిగులుతుంది. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి పెదవి చీలిక ఉంటే రెండోవారికీ ఉండేది దాదాపు సగం సందర్భాల్లోనే. వాళ్లిద్దరి జన్యువులు ఒకటే. తల్లి ఒకటే, తిండి ఒకటే, గ్రహణం వచ్చి ఉంటే అదీ ఒకటే. అయినా ఒకరి పెదవి అతుక్కుంది, ఇంకొకరిది అతుక్కోలేదు. కడుపులో చోటు, రక్త సరఫరాలో చిన్న తేడాలు కొంత కారణం కావొచ్చు. పురుగు పేగులాగే కొద్దిపాటి కణాల్లో ఏదో ఒక సంఖ్య గీత దాటకపోవడమూ ఒక కారణం కావొచ్చు. ఇందులో అమ్మవైపు, నాన్నవైపు అని పంచుకోవడానికి ఏమీ లేదు.

ఈ చీలికకు శస్త్రచికిత్స ఉంది. పెదవికైతే బిడ్డకు ఏడాది నిండేలోపు, అంగిలికైతే 18 నెలల లోపు చేయించాలని అమెరికాలోని సీడీసీ సూచిస్తుంది. పాలు తాగడం, వినికిడి, మాట, పళ్ల వరస కోసం ఆ తర్వాత కూడా కొన్నేళ్లు నిపుణుల బృందం చూడాల్సి ఉంటుంది. పుట్టకముందే స్కాన్‌లో కనపడితే, కాన్పుకు ముందే అలాంటి బృందం ఉన్న ఆసుపత్రి ఏదో, మీ ఇన్సూరెన్స్ దాన్ని ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి.